బాల న్యాయ వ్యవస్థలో కొలువులు: అర్హతలు, హక్కులు, మన గైర్హాజరీ

(ముస్లిం పట్టభద్రులకు ఏర్పాటైన ఉద్యోగ అవగాహన సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



పోలీసు కానిస్టేబులు ఉద్యోగాల గురించి, ఉపాధ్యాయ నియామకాల గురించి, గ్రూప్స్ పరీక్షల గురించి మీకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఉదయం నుంచి ఇక్కడ అవే విన్నారు. మన వీధుల్లో ఎవరూ ప్రస్తావించని కొలువుల గురించి నేను మాట్లాడదలచుకున్నాను. ముందు ఒక సంగతి చెప్పి, ఆ తరువాత అర్హతలకు, జీతభత్యాలకు వస్తాను.

నేను ఒక జిల్లాలో బాల న్యాయ మండలికి మూడేళ్ళు సామాజిక సభ్యుడిగా పనిచేశాను. ఒకనాడు పదహారేళ్ళ కుర్రవాడిని మా ముందుకు తెచ్చారు. పాత ఇనుము దుకాణంలో కూలికి ఉండేవాడు. ద్విచక్ర వాహనం దొంగతనంలో పాలుపంచుకున్నాడని ఆరోపణ. పేరు చెప్పను, ఊరు చెప్పను. బాల న్యాయ చట్టం 74వ సెక్షను నా నోరు కట్టేసింది, కట్టేయవలసిందే. పిల్లవాడిని పట్టుకున్నట్లు తెలియగానే ప్రొబేషన్ అధికారి ఆ ఇంటికి వెళ్ళి, కుటుంబ పరిస్థితులు విచారించి, రెండు వారాల్లో సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలని 13వ సెక్షను చెబుతుంది. నివేదిక వచ్చింది. అందులో రెండు వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. తల్లి సహకరించలేదని ఒకటి. పరిసరాలు నేరస్వభావం కలవారితో నిండి ఉన్నాయని రెండవది.

ఆ రెండు వాక్యాల బరువు ఎంతో మీకు తెలియాలి. 12వ సెక్షను ప్రకారం పిల్లలకు బెయిలు ఇవ్వడమే నియమం. నేరం బెయిలుకు వీలైనదా కాదా అన్న విచారణ అక్కడ లేదు. అయితే ఒక మినహాయింపు ఉంది. విడుదల చేస్తే నేరస్థుల సహవాసంలో పడతాడనిగాని, నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదంలో పడతాడనిగాని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉంటే మండలి బెయిలు నిరాకరించవచ్చు. పరిసరాలు బాగాలేవన్న ఒక్క వాక్యం ఆ మినహాయింపు తలుపును తెరుస్తుంది. ఆ కుర్రవాడు అబ్జర్వేషన్ హోంలోనే ఉండిపోయే పరిస్థితి వచ్చింది.

ఆ నివేదిక రాసిన అధికారి చెడ్డవాడు కాడు. నేను అతణ్ణి ఎరుగుదును. ఒక్కడే అధికారి, చేతిలో లెక్కకు మిక్కిలి కేసులు, తిరగవలసిన మండలాలు అనేకం. అతను వెళ్ళాడు, తలుపు తట్టాడు, ఆమె తలుపు తీయలేదు. లోపలి నుంచి ఏదో అన్నది. అది ఇతనికి అర్థం కాలేదు. నాకు అనుమానం వచ్చి, మండలి చేత మరొక విచారణకు ఆదేశం ఇప్పించాము. ఈసారి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఔట్‌రీచ్ వర్కరుగా ఉన్న ఒక చెల్లెలు వెళ్ళింది. ఇంటర్మీడియట్ చదివిన పిల్ల, మన అమ్మాయే. సాయంత్రానికి తిరిగి వచ్చి చెప్పింది: "సార్, ఆమె ఇద్దత్‌లో ఉంది. భర్త పోయి రెండు నెలలు కూడా కాలేదు. పరాయి మగవాడికి తలుపు తీయదు." భర్త మరణించిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తుందని ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ కార్యాలయంలో ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియదు. తండ్రి పోయాక చదువు మాని దుకాణంలో చేరాడని, మేనమామ బాధ్యత తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడని, పక్కింటివాళ్ళలో ఒకరు మసీదు ముఅజ్జిన్ అని, ఎదురింట్లో అంగన్‌వాడీ కార్యకర్త ఉందని రెండవ నివేదికలో వచ్చింది. అదే వీధి, అవే పరిసరాలు. కుర్రవాడు మేనమామ పూచీకత్తు మీద ఇంటికి వెళ్ళాడు.

ముస్లిం పిల్లవాడి గురించి ముస్లిం అధికారే రాయాలని నేను అనడం లేదు. అలా అంటే లంబాడీ పిల్లవాడి నివేదిక లంబాడీ అధికారే రాయాలి, మాదిగ పిల్లవాడిది మాదిగ అధికారే రాయాలి. రాజ్యం అలా నడవదు, నడవకూడదు కూడా. నేను అనేది వేరు. ఒక కార్యాలయంలో పది రకాల ఇళ్ళ నుంచి వచ్చిన పదిమంది ఉంటే, ఒకరికి తెలియనిది పక్క బల్ల దగ్గర కూర్చున్నవారిని అడిగి తెలుసుకోవచ్చు. ఆ బల్ల దగ్గర మనవారు లేరు. తెలంగాణలో ముస్లింల స్థితిగతులపై సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. జనాభాలో 12.7 శాతం ఉన్న మనవారి వాటా ప్రభుత్వోద్యోగాల్లో ఏడు శాతం పైచిలుకేనని అందులో తేలింది. అంతకు పదేళ్ళ ముందు సచార్ కమిటీ దేశమంతటికీ చెప్పిన సంగతీ ఇటువంటిదే. ఈ అంకెలు మనం సభల్లో చెప్పుకుని నిట్టూర్చడానికి బాగా అలవాటుపడ్డాము. దరఖాస్తు పెట్టడానికి అంత అలవాటుపడలేదు.

ఇక కొలువుల సంగతి. ఈ వ్యవస్థలోకి మూడు దారులున్నాయి.

మొదటిది సర్వీసు కమిషన్ దారి. తెలంగాణలో గ్రూప్-2 ద్వారా బాలల దిద్దుబాటు సేవల శాఖలో జిల్లా ప్రొబేషన్ అధికారి గ్రేడ్-2 పోస్టు భర్తీ అవుతుంది. 2022 డిసెంబరులో వచ్చిన ప్రకటనలో మొత్తం 783 పోస్టులుండగా అందులో ఇవి 11. డిగ్రీ చదివినవారు రాయవచ్చు. నాలుగు పేపర్లు, 600 మార్కులు, ఇంటర్వ్యూ లేదు. ప్రశ్నపత్రం ఉర్దూలో కూడా ఇచ్చారు. ఉర్దూ మాధ్యమంలో చదివి, ఈ పరీక్షలు తమవి కావనుకునేవారు ఈ మాట గట్టిగా వినాలి. ఆ పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. ప్రకటనకు, పరీక్షకు నడుమ రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళు ఇల్లు ఎలా గడుస్తుందన్నది కూడా సన్నాహంలో భాగమేనని గుర్తుంచుకోండి. డిప్యూటీ తహసీల్దారు, సబ్ రిజిస్ట్రారు అని కలలు కనే మన పిల్లలు పోస్టుల ప్రాధాన్యక్రమం రాసేటప్పుడు ప్రొబేషన్ అధికారిని అట్టడుగున రాస్తారు, లేదా అసలు చదవకుండానే వదిలేస్తారు. ఈసారి చదవండి.

రెండవది జిల్లా దారి. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళలో ఖర్చు భరించే మిషన్ వాత్సల్య పథకం కింద ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. దీనికి పూర్వరూపం 2009-10లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం. ఇందులో నియామకాలు కాంట్రాక్టు పద్ధతిన జరుగుతాయి. ప్రకటన జిల్లా వెబ్‌సైటులో, కలెక్టరేట్ నోటీసు బోర్డులో వస్తుంది. గడువు తరచు పది పదిహేను రోజులకు మించదు. మనవారు తెలుసుకునేసరికి గడువు ముగుస్తుంది. లీగల్ కమ్ ప్రొబేషన్ అధికారికి న్యాయశాస్త్ర పట్టా, స్త్రీల, బాలల హక్కులకు సంబంధించిన పనిలో రెండేళ్ళ అనుభవం, కంప్యూటరు పరిజ్ఞానం కావాలి. గౌరవ వేతనం నెలకు 27,804 రూపాయలు. పరిరక్షణ అధికారికి కూడా అంతే. అక్కడ సోషల్ వర్క్, సోషియాలజీ, సైకాలజీ, న్యాయశాస్త్రం వంటి విషయాల్లో పీజీ అడుగుతారు, లేదా డిగ్రీతోపాటు అనుభవం అడుగుతారు. కౌన్సెలరుకు, సోషల్ వర్కరుకు 18,536. ఔట్‌రీచ్ వర్కరుకు ఇంటర్మీడియట్ చాలు, వేతనం 10,592. వీరందరి పైన ఉండే జిల్లా బాలల పరిరక్షణ అధికారికి 44,023.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఇద్దత్‌లో ఉన్న ఆ తల్లితో మాట్లాడి ఒక పిల్లవాడిని ఇంటికి చేర్చిన చెల్లెలి జీతం 10,592 రూపాయలు. నెలకు 26 పనిదినాలనుకుంటే రోజుకు 407 రూపాయలు. తాపీ మేస్త్రి దగ్గర ఇటుకలందించే కూలికి మా ఊళ్ళో అంతకంటే ఎక్కువ ఇస్తారు. పిల్లల భవితవ్యం నిర్ణయించే పనికి ప్రభుత్వం కట్టిన వెల అది. దీన్ని దాచి మీకు రంగుల కల అమ్మడానికి నేను రాలేదు.

కాబట్టి భత్యాల సంగతి నిజాయితీగా చెబుతాను. సర్వీసు కమిషన్ ద్వారా చేరిన రెగ్యులర్ ఉద్యోగికి వేతన స్కేలు, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, ఆర్జిత సెలవులు, ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంటాయి. మహిళలకు 180 రోజుల ప్రసూతి సెలవు ఉంటుంది. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పింఛను లేదు. ఉద్యోగి పది శాతం, ప్రభుత్వం పది శాతం వేసే కంట్రిబ్యూటరీ పింఛను పథకం వర్తిస్తుంది. దానిపై ఉద్యోగ సంఘాల పోరాటం మీకు తెలిసిందే. కాంట్రాక్టు ఉద్యోగికి వీటిలో చాలా భాగం లేవు. ఒప్పందం ఏడాదికోసారి పునరుద్ధరించాలి. పథకం వాయిదా సొమ్ము ఢిల్లీ నుంచి ఆలస్యమైతే జీతమూ ఆలస్యమే. రెండు పండుగల నడుమ జీతం పడక ఈద్‌కు అప్పు చేసిన సహోద్యోగులను నేను చూశాను.

అయినా కాంట్రాక్టు ఉద్యోగికి హక్కులే లేవనుకోవద్దు. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా చేరితే నియామక పత్రంలో మూడు సంగతులు చూడండి. భవిష్యనిధి ఖాతా సంఖ్య ఉన్నదా? మీ జీతం నుంచి 12 శాతం కోత పడినప్పుడు, యజమాని వాటా మరో 12 శాతం నిజంగా జమ అవుతున్నదా? నెల జీతం 21,000 లోపు ఉంటే ఈ.ఎస్.ఐ. కార్డు ఇచ్చారా? 10,592 జీతంపై ఈ.ఎస్.ఐ.కి మీ నుంచి పోయేది నెలకు ఎనభై రూపాయలు. ఆ ఎనభై కట్టలేదని తెలిసేది ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడ్డ రోజున. అప్పుడు తెలిసి ప్రయోజనం లేదు. ప్రతి మూడు నెలలకూ ఫోనులో మీ ఖాతా మీరే చూసుకోండి.

చెల్లెళ్ళకు ఒక మాట. కాంట్రాక్టు ముగుస్తుంది కాబట్టి ప్రసూతి సెలవు రాదని కొందరు అధికారులు చెబుతారు. ఒప్పందకాలం మధ్యలో ముగిసినా చట్టప్రకారం రావలసిన ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వవలసిందేనని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు చెప్పింది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. అంతకు ముందటి అర్హతగా గడచిన పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఆ తీర్పు ప్రతిని దగ్గర ఉంచుకోండి. దరఖాస్తు నోటితో అడగకండి, కాగితంపై ఇచ్చి రసీదు తీసుకోండి.

క్రమబద్ధీకరణ గురించి అందరూ అడుగుతారు. కాంట్రాక్టులో ఎంతకాలం పనిచేసినా క్రమబద్ధీకరణ హక్కుగా రాదని 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనమైనా ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. మొదటి తీర్పు ప్రభుత్వాలకు కంఠస్థం. రెండవదాన్ని మనమే గుర్తుచేయాలి.

ఇక మూడవ దారి ఉద్యోగం కాదు, అధికారం. బాల న్యాయ మండలిలో న్యాయాధికారితోపాటు ఇద్దరు సామాజిక సభ్యులుంటారు, వారిలో ఒకరైనా మహిళ కావాలి. బాలల సంక్షేమ సమితిలో అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. 2016 నమూనా నియమాల ప్రకారం 35 ఏళ్ళు నిండి, పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమాల్లో ఏడేళ్ళ అనుభవం ఉండాలి. పదవీకాలం మూడేళ్ళు. మండలి సభ్యులకు ఒక్కో సిట్టింగుకు కనీసం 1,500 రూపాయలివ్వాలని ఆ నియమాలు చెప్పాయి. ఈ సభలోని ఉపాధ్యాయులూ, వైద్యులూ, న్యాయవాదులూ దీన్ని ఆలోచించాలి. యతీంఖానాలు నడుపుతున్న పెద్దలు మాత్రం ఒక సంగతి గమనించాలి. 2021 సవరణ తరువాత, ఆ జిల్లాలో బాలల సంరక్షణ సంస్థ యాజమాన్యంలో ఉన్నవారు సంక్షేమ సమితి సభ్యులు కాలేరు. అది సరైన నిబంధనే. తన సంస్థ గురించి తానే తీర్పు చెప్పుకోకూడదు. అన్నట్టు, మీ యతీంఖానా ఈ చట్టంలోని 41వ సెక్షను కింద నమోదైందా? కాకపోతే ఈ సభ ముగిశాక నాతో మాట్లాడండి.

రిజర్వేషన్ల దగ్గర మనవారు చేసే పొరపాటు ఒకటుంది. ముస్లింలందరూ బి.సి.-ఇ అనుకుంటారు. 2007 చట్టం వెనుకబడిన 14 వర్గాలకే నాలుగు శాతం ఇచ్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి పది వర్గాలను అందులోంచి మినహాయించింది. దూదేకులవారు బి.సి.-బి, మెహతర్లు బి.సి.-ఎ. సయ్యద్, పఠాన్ కుటుంబాలవారు ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటాకు దరఖాస్తు చేయవచ్చు. ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒకలా, పదవ తరగతి మెమోలో మరొకలా ఉండి ఎంపికైన ఉద్యోగం పోగొట్టుకున్నవారున్నారు. 'షేక్' అన్న మాటను నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా రాసుకునే అలవాటు మనది. ఈ సెలవుల్లోనే సరిచేయించుకోండి. ఇంకొకటి, నాలుగు శాతం మీదే భారం వేయకండి. 11 పోస్టుల్లో నాలుగు శాతమంటే అర పోస్టు కూడా కాదు. జిల్లాకు ఒక్కటే పోస్టు ఉన్నచోట రోస్టరులో మన వంతు ఎన్నేళ్ళకు వస్తుందో లెక్కవేసుకోండి. జనరల్ మెరిట్‌లో పోటీ పడక తప్పదు.

చివరిగా, నన్ను ఒంటరిగా పట్టుకుని, గొంతు తగ్గించి కుర్రవాళ్ళు అడిగే ప్రశ్న. "సార్, పదిహేనేళ్ళప్పుడు నా మీద కేసు అయింది. పోలీసు వెరిఫికేషనులో బయటపడుతుందా? నాకు సర్కారు ఉద్యోగం వస్తుందా?" ఈ ప్రశ్న అడగలేక దరఖాస్తే పెట్టనివారు మన బస్తీల్లో ఎందరో ఉన్నారు. పిల్లలతో పనిచేసే ఉద్యోగాలకు వెరిఫికేషను మరీ గట్టిది. 2020 పోక్సో నియమాల ప్రకారం పిల్లలుండే ప్రతి సంస్థా రెగ్యులర్, కాంట్రాక్టు భేదం లేకుండా ప్రతి ఉద్యోగి పూర్వాపరాలూ విచారించాలి. అది ఉండవలసిందే. హోంలో పిల్లవాడిని కొట్టిన ఉద్యోగికి 82వ సెక్షను కింద జరిమానాతోపాటు ఉద్యోగమూ పోతుంది. సంరక్షకుడే క్రూరంగా ప్రవర్తిస్తే 75వ సెక్షను కింద ఐదేళ్ళ వరకు కఠిన శిక్ష ఉంది. కోపాన్ని అదుపులో పెట్టుకోలేనివారు ఈ ఉద్యోగాలకు రావద్దని నేనూ చెబుతాను.

కానీ బాల్యంలో జరిగిన కేసు వేరు. ఈ చట్టం కింద విచారణ పొందిన పిల్లవాడికి ఆ నేరనిర్ధారణ వల్ల ఏ అనర్హతా అంటదని 24వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. గడువు తీరాక ఆ రికార్డులను నాశనం చేయాలని కూడా చెబుతుంది. పదహారేళ్ళు దాటి, ఘోరమైన నేరంలో చిల్డ్రన్స్ కోర్టు వయోజనుడిగా విచారించినవారికి మాత్రమే ఈ రక్షణ లేదు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి ఎంపికైన ఒక అభ్యర్థిని మైనరుగా ఉన్నప్పటి కేసు చూపి తిరస్కరించినపుడు, సుప్రీంకోర్టు 2019 నవంబరులో అతని పక్షాన నిలిచింది. మైనరుగా ఉన్నప్పటి విషయాన్ని అతనికి వ్యతిరేకంగా వాడటం ఈ చట్టం స్ఫూర్తికే విరుద్ధమన్నది. కాబట్టి భయపడి ఇంట్లో కూర్చోకండి. అలాగని వెరిఫికేషన్ ఫారం మీ ఇష్టం వచ్చినట్టు నింపకండి. నింపే ముందు ఈ చట్టం తెలిసిన న్యాయవాదికి చూపించండి. నేను రుసుము తీసుకోను.

ఒకనాడు మండలి ముందు నిలబడ్డ పిల్లవాడే ఇరవై అయిదేళ్ళకు ప్రొబేషన్ అధికారిగా ఆ బల్లకు ఇవతల కూర్చోవడానికి చట్టంలో అడ్డు లేదు.

సర్కారును అడగవలసిందీ ఉంది. ఈ మండళ్ళలో, సమితుల్లో ఖాళీలు నింపాలని, సిబ్బందిని సమకూర్చాలని సంపూర్ణా బెహురా కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఆదేశించింది. ప్రతి హైకోర్టూ స్వయంగా ఈ విషయాన్ని చేపట్టాలన్నది. మీ జిల్లాలో ప్రొబేషన్ అధికారి పోస్టులెన్ని, ఖాళీలెన్ని, కాంట్రాక్టువారెందరు, ఉర్దూ తెలిసిన వారెందరు అన్న నాలుగు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఖర్చు. మండలి ముందు జరిగేది పిల్లవాడికి భాషరీత్యా అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలని 8వ సెక్షను చెబుతుంది. ఆ అనువాదకుల జాబితా మీ జిల్లాలో ఉన్నదో లేదో అదే దరఖాస్తులో అయిదవ ప్రశ్నగా అడగండి.

ఆ ఔట్‌రీచ్ వర్కరు చెల్లెలు ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి గ్రూప్-2కు చదువుతున్నది. జీతం ఇప్పటికీ అంతే.

జొహర్ నమాజు వేళయింది. దరఖాస్తు నమూనాలు, నేను చెప్పిన తీర్పుల ప్రతులు ద్వారం దగ్గరి బల్లపై ఉన్నాయి. ఒక్కొక్కరు ఒక్కొక్కటే తీసుకోండి, వెనక ఉన్నవారికి చాలాలి. ప్రశ్నలకు నమాజు తరువాత కూర్చుందాం.